హెడ్‌ఫోన్ గ్రాఫ్ చదవడం ఎలా? చేతిలో ఉన్న ఇయర్‌ఫోన్‌తోనే మొదలుపెట్టండి

హనుమకొండ చౌరస్తాలో ఏ మొబైల్ షాపుకు పోయి ఇయర్‌ఫోన్ అడిగినా ముందు వినిపించే మాట ఒకటే: "బేస్ మస్తుంటది అన్నా, తీస్కపో." డబ్బా తిప్పి చూస్తే "20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్" అని అచ్చువేసి ఉంటుంది. వెయ్యి రూపాయల దాని మీదా అదే, ఇరవై వేల దాని మీదా అదే. ఆ మాటతోనూ ఈ అంకెతోనూ ఏమీ తేలదు. ఏ శబ్దాన్ని ఎంత పెంచి, దేన్ని ఎంత తగ్గించి వినిపిస్తుందో చెప్పేది ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫ్. చాలా మోడళ్లకు ఇది నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కాకపోతే మొదటిసారి చూసినవాళ్లకు ఒక వంకర గీత తప్ప ఇంకేమీ కనిపించదు.

అందుకే కొనబోయే దాని గ్రాఫ్‌తో మొదలుపెట్టకండి. మీరు రోజూ వాడేదాని గ్రాఫ్ తెరవండి. అది ఎలా వినిపిస్తుందో మీ చెవికి ముందే తెలుసు కాబట్టి, గీతలో ఎత్తుపల్లాలు దేన్ని సూచిస్తున్నాయో మీరే పట్టుకోగలరు. విడిగా ఒక గ్రాఫ్ చూసి "ఇది బాగుంటుందా" అని అడిగితే జవాబు రాదు. తెలిసినదాని పక్కన తెలియనిదాన్ని పెట్టినప్పుడే అది మాట్లాడుతుంది.

ముందు మీ ఇయర్‌ఫోన్ గ్రాఫ్ వెతకండి

కొత్తవాళ్లకు స్క్విగ్‌లింక్ అనే సైట్ సులువు. కొలతలు తీసే రివ్యూయర్లు చాలామంది తమ గ్రాఫులు అక్కడ పెడతారు. మోడల్ పేరు వెతికి నొక్కితే గీత వస్తుంది. ఇంకో పేరు జోడిస్తే అదే బొమ్మ మీద రెండో గీత పడుతుంది. వైర్‌లెస్ హెడ్‌ఫోన్లకైతే ఆర్టింగ్స్ అనే రివ్యూ సైట్ కూడా చూడొచ్చు.

మన దగ్గర ఎక్కువగా కొనే చవక నెక్‌బ్యాండ్లు, బడ్స్ చాలావాటికి నమ్మదగిన కొలతలు దొరకవు. మీదీ అలాంటిదే అయితే కొలత ఉన్నది ఏదో ఒకటి దోస్తు దగ్గర అడిగి తెచ్చుకోండి. పాత ఐఫోన్ డబ్బాలో వచ్చిన వైరు ఇయర్‌పాడ్స్ అయినా సరే. కొన్నాళ్లు బాగా తెలిసిన పాటలే వినండి. అప్పుడు గ్రాఫ్ తెరవండి.

అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది

అడ్డంగా ఉండేది ఫ్రీక్వెన్సీ, అంటే శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క. ఎడమ చివర 20 హెర్ట్జ్, కుడి చివర 20,000. అంకె పక్కన 'కె' అక్షరం ఉంటే వెయ్యి అని అర్థం. ఎడమవైపు బొంగురు, గంభీర శబ్దాలు. కుడివైపు సన్నటి, పదునైన శబ్దాలు. డప్పు కళాకారులు దరువు మొదలుపెట్టే ముందు డప్పును మంటకు కాపుతారు కదా, తోలు బిగుసుకుని శబ్దం పైకి లేస్తుంది. అలా లేవడమంటే ఈ గ్రాఫ్‌లో కుడివైపు జరగడం.

ఈ అడ్డగీత మీద అంకెల మధ్య ఎడం సమానంగా ఉండదు. 20 నుంచి 200 వరకు ఎంత జాగా ఉందో 200 నుంచి 2,000 వరకూ అంతే, 2,000 నుంచి 20,000 వరకూ అంతే. బొమ్మ వేసినవాళ్లు తప్పు చేయలేదు. మన చెవి రెట్ల లెక్కన వింటుంది. హార్మోనియం మీద ఒక 'స' నుంచి పై 'స'కు పోతే హెర్ట్జ్ రెట్టింపవుతుంది, ఆ పై 'స'కు మళ్లీ రెట్టింపు. అయినా మెట్ల మీద దూరం సమానమే, చెవికీ సమానంగానే తోస్తుంది. మనిషి వినగలిగే పరిధి ఇలాంటి పది స్థాయిలు. అందుకే గ్రాఫ్‌కు సరిగ్గా నడిమధ్యన ఉండేది పదివేలు కాదు, దాదాపు 630 హెర్ట్జ్. ఇది గుర్తుంటే "ట్రెబుల్‌కు (కుడివైపు సన్నటి శబ్దాలకు) ఇంత తక్కువ జాగానా" అన్న అనుమానం రాదు.

నిలువుగా ఉండేది డెసిబెల్, అంటే శబ్దం స్థాయి. అక్కడ 60 ఉందా, 110 ఉందా అన్నది పట్టించుకోకండి. కొలిచేటప్పుడు వాల్యూమ్ పెంచితే గీత మొత్తం పైకి జరుగుతుంది, అంతే. చూడాల్సింది గీత ఆకారం. ఎక్కడ లేచింది, ఎక్కడ పడింది, ఎంత. కొన్ని కొండగుర్తులు పెట్టుకోండి. 10 డెసిబెళ్లు పెరిగితే మనకు దాదాపు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. 3 డెసిబెళ్ల తేడా శ్రద్ధగా వింటే తెలిసిపోతుంది. 1 డెసిబెల్ తేడా గీతలో చాలా వెడల్పున పరుచుకుని ఉంటే తప్ప పట్టుకోవడం కష్టం.

నిలువు కొలబద్దను ముందే చూడకపోతే మోసపోతారు. ఒక బొమ్మలో కింది నుంచి పైదాకా 40 డెసిబెళ్లే ఉండొచ్చు, ఇంకో బొమ్మలో 100 ఉండొచ్చు. మొదటిదాంట్లో చిన్న గతుకు కూడా కొండలా కనిపిస్తుంది, రెండోదాంట్లో కొండ కూడా చదునైపోతుంది. ఫ్లెక్సీలో పట్టించడానికి ఫొటోను అడ్డంగా సాగదీస్తే మనిషి లావైనట్టు కనిపిస్తాడు, అసలు మనిషి మారడు, ఇదీ అంతే. కంపెనీలు తమ ప్రకటనల్లో వేసుకునే నున్నటి గీతల్లో ఈ సాగదీత ఎక్కువ.

దీనికి తోడు స్మూతింగ్ ఉంటుంది. కొలిచిన గీతలోని సన్నటి ముళ్లను సరాసరి తీసి నున్నగా చేయడమే స్మూతింగ్. గ్రాఫ్ మూలన మూడో వంతు ఆక్టేవ్ అనో, పన్నెండో వంతు అనో, నలభై ఎనిమిదో వంతు అనో రాసి ఉంటుంది. ఆక్టేవ్ అంటే పైన చెప్పిన ఒక 'స' నుంచి పై 'స' దాకా. మూడో వంతు స్మూతింగ్ చేసిన గీత అందంగా ఉంటుంది, కానీ చెవిని గుచ్చే సన్నటి శిఖరం అందులో మాయమవుతుంది.

అంకెలను మీకు తెలిసిన శబ్దాలతో కలపండి

ఇక్కడ తొందరపడొద్దు. ఈ పని సరిగ్గా చేస్తే మిగతా గ్రాఫ్ అంతా తేలిక.

20 నుంచి 60 హెర్ట్జ్ వరకు లోతైన బేస్. బరాత్‌లో, గణేశ్ నిమజ్జనంలో డీజే బాక్సుల ముందు నిలబడితే చెవికన్నా ముందు ఒంటికి తెలిసే శబ్దంలో చాలా భాగం ఇక్కడిదీ, దీని పక్కదీ. ఇయర్‌ఫోన్‌లో ఈ చోట గీత పడిపోయినా చాలా పాత పాటల్లో తేడా తెలియదు. వాటి రికార్డింగుల్లో ఇంత లోతు ఉండేదే తక్కువ. ఇప్పటి సినిమా పాటల్లోని ఎలక్ట్రానిక్ బేస్‌లో మాత్రం వెంటనే తెలుస్తుంది.

60 నుంచి 250 వరకు దెబ్బ బలం. డోలు, ఢోలక్, డప్పు మీద గట్టిగా పడ్డ దరువులోని 'గుమ్ము' ఎక్కువగా ఈ చోటే. మగవాళ్లు మాట్లాడేటప్పుడు గొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్, ఆడవాళ్లది సుమారు 165 నుంచి 255. 100 హెర్ట్జ్ ఎలా ఉంటుందో వినాలంటే వీధి చివర కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకు పోతే చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుము దానికి రెట్టింపు వేగంతో కంపిస్తుంది. ఆ 'హుమ్మ్' మూలస్వరం 100. కాస్త దూరంగానే నిలబడి వినండి.

షాపువాళ్లు 'మస్తు బేస్' అనేది చాలాసార్లు ఈ 60–250 మధ్య గుట్టనే. అది 200 దాటి 300 వరకూ సాగితే గొంతుల మీద దుప్పటి కప్పినట్టవుతుంది. గ్రాఫ్‌లో మొదట చూడాల్సిన చోటు నా దృష్టిలో ఇదే: బేస్ ఎంత లేచిందన్నదానికన్నా, లేచింది ఎక్కడ దిగిపోయింది అన్నది. 200 లోపు దిగిపోతే పాట శుభ్రంగా ఉంటుంది.

250 నుంచి 1,000 వరకు గొంతుకూ, వీణకూ, వేణువుకూ ఒళ్లు ఉండే చోటు. ఇక్కడ గీత దాదాపు చదునుగా ఉంటే చాలు, పెద్దగా చెప్పడానికేమీ లేదు.

1,000 నుంచి 4,000 వరకు స్పష్టత. చెవికి సూటిగా తగిలేది ఈ భాగం. మాటల్లో హల్లులు తేటగా వినిపించడం, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ కొట్టే చప్పట్ల పదును, డప్పు మీద సిటికెన పుల్ల పడ్డప్పుడు వచ్చే 'టక్కు' అన్నీ దీని మీద ఎక్కువగా ఆధారపడతాయి. ఇది తగ్గితే గాయకుడు పక్క గదిలో పాడుతున్నట్టు ఉంటుంది. మరీ పెరిగితే అరుస్తున్నట్టు ఉంటుంది.

5,000 నుంచి 8,000 వరకు స, శ, ష, చ. 'సద్దుల బతుకమ్మ' అని ఎవరైనా మైకులో అన్నప్పుడు మొదటి 'స' చెవిలో సూదిలా దిగిందంటే ఇక్కడ ఏదో శిఖరం ఉన్నట్టు. దాని పైన 8,000 దాటాక తాళాల, గజ్జెల మెరుపు.

ఒక్క జాగ్రత్త. ఏ వాద్యమూ ఒక్క అంకె దగ్గరే ఉండదు. మూలస్వరం ఒకచోట ఉంటుంది, దాని రెట్టింపులు, మూడింతలు కుడివైపు పరుచుకుంటాయి. చెవి దగ్గర దోమ మోత ఎంత సన్నగా వినిపిస్తుంది! దాని రెక్కల మూలస్వరం మాత్రం సుమారు 400–600 హెర్ట్జ్ మధ్యే. దానికి ఆ సన్నదనం ఇచ్చేది పైన ఉన్న రెట్టింపులు. కాబట్టి "ఆడగొంతు బాగుండాలి, 200 దగ్గర చూస్తే చాలు" అనుకోకండి. 200 నుంచి 8,000 దాకా చూడాలి.

3,000 దగ్గరి గుట్టను చూసి భయపడొద్దు

గ్రాఫ్ చూసిన ప్రతి కొత్తవాడూ అడిగే ప్రశ్న ఇది: మంచి హెడ్‌ఫోన్ అంటే గీత చదునుగా ఉండాలి కదా, మరి 3,000 హెర్ట్జ్ దగ్గర పది డెసిబెళ్ల గుట్ట ఎందుకుంది?

కారణం మన చెవిలోనే ఉంది. చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, లోపలి చివర కర్ణభేరితో మూసుకుని ఉంటుంది. ఒకవైపు మూసిన అంత పొడవు గొట్టం సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బయటి చెవి డొప్ప కూడా దానికి తోడవుతుంది. అందుకే ఎదురుగా కూర్చుని ఎవరైనా పాడుతున్నా, మామూలు స్పీకర్ మోగుతున్నా, ఆ శబ్దం కర్ణభేరి దగ్గరకు చేరేసరికి ఆ భాగం పది డెసిబెళ్లకు మించి పెరిగే ఉంటుంది. పుట్టినప్పటినుంచీ మనం అలాగే వింటున్నాం, అదే మనకు సహజం. ఇయర్‌ఫోన్ శబ్దాన్ని నేరుగా రంధ్రంలోకి పంపుతుంది కాబట్టి ఆ పెరుగుదలను తనే ఇవ్వాలి. కొలిచే యంత్రంలో కూడా నకిలీ చెవి గొట్టం ఉంటుంది, మైకు కర్ణభేరి చోట ఉంటుంది. అందుకే గ్రాఫ్‌లో గుట్ట కనిపిస్తుంది. అది లేకపోతేనే లోపం.

అయితే అన్ని గ్రాఫులూ ఇలా ఉండవు. కొన్నింటిలో ఈ సహజమైన గుట్టను ముందే తీసేసి మిగిలినదాన్ని చూపిస్తారు. అలాంటిదాన్ని కాంపెన్సేటెడ్ గ్రాఫ్ అంటారు. తీయనిది రా గ్రాఫ్. మొదటిదాంట్లో చదును గీత అంటే మంచిదే, రెండోదాంట్లో చదును గీత అంటే గొంతులు మూసుకుపోయిన ఇయర్‌ఫోన్. ఏ రకమో గ్రాఫ్ మీద రాసి ఉంటుంది. రాయకపోతే అదే సైట్‌లో వేరే నాలుగైదు మోడళ్లు తెరవండి. అన్నింటికీ 3,000 దగ్గర గుట్ట ఉంటే అది రా గ్రాఫ్.

చుక్కల గీత ఏమిటి

చాలా గ్రాఫుల్లో వెనక బూడిద రంగులోనో, చుక్కలతోనో ఇంకో గీత ఉంటుంది. దాన్ని టార్గెట్ అంటారు. ఎక్కువగా కనిపించేది హార్మన్ టార్గెట్. హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, ఆయన సహచరులు మనుషులను కూర్చోబెట్టి రకరకాల బేస్, ట్రెబుల్ మోతాదులు వినిపించి, ఎక్కువమందికి ఏది నచ్చిందో లెక్కగట్టారు. మొదటి ఫలితాలు 2013లో వచ్చాయి. తర్వాత సవరించారు. చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్లకు 2018 నాటిది, చెవిలో దూరే వాటికి 2019 నాటిది ఎక్కువ వాడుకలో ఉన్నాయి. రెండూ ఒకటి కావు, ఒకదాని గ్రాఫ్ మీద ఇంకొకటి పెట్టొద్దు.

ఇది సగటు ఇష్టం, అంతకన్నా ఎక్కువ కాదు. వాళ్ల లెక్కలోనే విన్నవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది దీనికి దగ్గరగా ఉన్నారు. మిగిలినవాళ్లలో కొందరు ఇంకా బేస్ కావాలన్నారు, కొందరు తగ్గించమన్నారు. నా మటుకు నాకు 2019 టార్గెట్‌లో 3,000 చుట్టుపక్కల కాస్త ఎక్కువే అనిపిస్తుంది. గట్టి గొంతుతో పాడే జానపద పాటలు కొన్ని చెవిని కోస్తాయి. కాబట్టి గీత చుక్కల మీద అచ్చుగుద్దినట్టు లేదని ఒక మోడల్‌ను కొట్టేయకండి. మీ ఇయర్‌ఫోన్ టార్గెట్‌కు ఎటువైపు తప్పిందో, ఆ తప్పడం మీకు నచ్చిందో లేదో చూసుకోండి. అదే మీ టార్గెట్.

ఇప్పుడు రెండు గీతలు కలిపి చూడండి

మీ ఇయర్‌ఫోన్ గీత తెర మీద ఉంచి, కొనాలనుకుంటున్నదాన్ని జోడించండి. దీనికి రెండు నియమాలు.

రెండు కొలతలూ ఒకే మనిషి, ఒకే యంత్రం మీద తీసినవై ఉండాలి. ఎక్కువమంది వాడేది 711 అని పిలిచే కప్లర్ (నకిలీ చెవి గొట్టం), పాత ఐఈసీ 60711 ప్రమాణం ప్రకారం చేసింది. కొత్తగా బ్రూయెల్ అండ్ కెయర్ 5128 అనే ఖరీదైన యంత్రం వచ్చింది. దీని నకిలీ చెవి వేరు, అందుకే ఒకే ఇయర్‌ఫోన్‌కు రెండింటి మీదా గీత వేరుగా వస్తుంది. ఒక సైట్ నుంచి ఒక స్క్రీన్‌షాట్, ఇంకో సైట్ నుంచి ఇంకోటి తెచ్చి పక్కపక్కన పెడితే మీరు చూసేది యంత్రాల తేడా.

రెండోది, గీతలు రెండూ ఒకే చోట కలిసేలా సర్దుకోవాలి. సాధారణంగా 500 దగ్గరో 1,000 దగ్గరో కలుపుతారు. ఎక్కడ కలిపామన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది. ఒకే జతను 1,000 దగ్గర కలిపితే "దీంట్లో బేస్ ఎక్కువ" అనిపిస్తుంది, 100 దగ్గర కలిపితే "దీంట్లో గొంతులు తక్కువ" అనిపిస్తుంది. రెండు మాటలూ ఒకటే. ఈ గందరగోళం లేకుండా ఒక్కో ఇయర్‌ఫోన్‌కు మూడు తీసివేతలు చేసి కాగితం మీద రాసుకోండి: 100 దగ్గర ఉన్న ఎత్తులోంచి 1,000 దగ్గరిది, 3,000 దగ్గరిదాంట్లోంచి 1,000 దగ్గరిది, 3,000 దగ్గరిదాంట్లోంచి 6,000 దగ్గరిది. మొదటిది బేస్ బరువు, రెండోది గొంతు ముందుకొచ్చే తీరు, మూడోది 'స'కారాల పదును ఎంత అణిగి ఉందన్నది. మీ పాతదానికీ కొత్తదానికీ ఈ అంకెలు పక్కపక్కన పెడితే గ్రాఫ్ మొత్తం అర్థం కాకపోయినా సగం నిర్ణయం అయిపోతుంది.

అభ్యాసానికి పేరున్న రెండు హెడ్‌ఫోన్లు తీసుకోండి: 1997లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 600, సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం4. సెన్‌హైజర్ గీత మధ్యలో టార్గెట్‌కు చాలా దగ్గరగా నడుస్తుంది, 100 హెర్ట్జ్ కిందికి పోయేకొద్దీ జారిపోతుంది. సోనీ గీత బేస్‌లో టార్గెట్‌కన్నా బాగా పైన ఉంటుంది. రెంటినీ మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, తేడా వాడే చోటులో ఉంది. మొదటిది వెనక తెరిచి ఉండే రకం. రాత్రి ఇల్లు సద్దుమణిగాక సంగీతం వినడానికి బాగుంటుంది. దాన్ని పెట్టుకుని కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ దాకా చక్రాల మోతే వింటారు. రైలు, బస్సు చేసే మోత చాలావరకు కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది కాబట్టి అది పాటలోని బేస్‌నే ముందు మింగేస్తుంది. రోజూ ఆర్టీసీ బస్సులో వినేవాళ్లకు టార్గెట్‌కన్నా నాలుగైదు డెసిబెళ్లు ఎక్కువ బేస్ ఉన్నా అతి అనిపించదు. నయీంనగర్‌లో రూమ్ తీసుకుని ఆన్‌లైన్ క్లాసులు వినే విద్యార్థికి అదే బేస్ తలనొప్పి; వాళ్లకు రెండో తీసివేత బాగుంటే చాలు.

ఎక్కడ నమ్మకూడదు

8,000 హెర్ట్జ్ దాటాక గీతను వివరంగా చదవొద్దు. 711 కప్లర్ మీద ఇయర్‌ఫోన్‌ను ఎంత లోపలికి దూర్చారన్నదాన్ని బట్టి 8,000 చుట్టూ ఒక శిఖరం వస్తుంది. దాన్ని రివ్యూయర్లు కావాలనే అక్కడికి సర్దుతారు, అన్ని కొలతలూ పోల్చడానికి వీలుగా. మీ చెవిలో అది 7,000 దగ్గర ఉండొచ్చు, 9,500 దగ్గర ఉండొచ్చు, చెవి పొడవును బట్టి. ఆ శిఖరం చూసి "గుచ్చుతుంది" అని తీర్పు ఇవ్వకండి.

కింది చివర కూడా ఒక షరతు ఉంది. గ్రాఫ్‌లోని బేస్ గాలి పోకుండా బిగించి కొలిచినది. మీ చెవికి రబ్బరు టిప్ వదులైతే ఆ బేస్ సగం కూడా రాదు. డబ్బాలో ఇచ్చిన మూడు సైజులూ పెట్టి చూసేదాకా "బేస్ లేదు" అనకండి. చెవి కప్పే హెడ్‌ఫోన్లలో కళ్లద్దాల కాడలు ఇదే పని చేస్తాయి. వైరు ఇయర్‌పాడ్స్‌లాంటివి అసలు చెవిని మూయవు కాబట్టి వాటి గీత ఎడమ చివర పడిపోయే ఉంటుంది.

వైర్‌లెస్ అయితే నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్‌లో కొలిచారా, ఆఫ్‌లోనా, యాప్‌లో ఏ ప్రీసెట్ ఉంది అన్నవి చూడండి. కొన్ని మోడళ్లలో ఈ మార్పుతో గీతే మారిపోతుంది.

ఎడమ, కుడి గీతలు విడివిడిగా ఇచ్చి ఉంటే ఒక చూపు వేయండి. మధ్య భాగంలో రెండింటికీ రెండు మూడు డెసిబెళ్ల తేడా ఉంటే గాయకుడు ఒక పక్కకు జరిగినట్టు ఉంటుంది. అది ఆ ఒక్క పీస్ లోపం కావొచ్చు, మోడల్ మొత్తానికి అంటగట్టకండి. ఇక గుంతల గురించి: సన్నటి గుంత కంటికి భయంకరంగా కనిపిస్తుంది, చెవికి దాదాపు తెలియదు. అదే వెడల్పు ఉన్న శిఖరం మాత్రం తెలుస్తుంది.

మైకు నాణ్యత, బ్యాటరీ, చెవినొప్పి, బయటి మోత ఎంత ఆపుతుంది అన్నవి ఈ గీతలో ఉండవు. డబ్బా మీద ఉండే '10 ఎంఎం డ్రైవర్', '40 కిలోహెర్ట్జ్ వరకు' లాంటి మాటలకూ ఈ గీతకూ సంబంధం లేదు.

గీత చెప్పింది చెవితో సరిచూసుకోండి

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఏదైనా వేసుకోండి. వాల్యూమ్ బాగా తగ్గించి 1,000 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి, హాయిగా వినిపించేంత మాత్రమే పెంచండి. అక్కడి నుంచి మెల్లగా 10,000 దాకా జరపండి. ఎక్కడ శబ్దం ఒక్కసారిగా లేచిందో ఆ అంకె రాసుకుని గ్రాఫ్‌లో ఆ చోటు చూడండి. పైచివర వినపడటం లేదని వాల్యూమ్ పెంచొద్దు. వయసు పెరిగేకొద్దీ 15,000 దాటినవి చాలామందికి వినిపించవు, వినిపించని శబ్దం కూడా చెవిని దెబ్బతీయగలదు.

కింది వైపుకు జరిపితే శబ్దం మెల్లమెల్లగా తగ్గినట్టు అనిపిస్తుంది. అది ఇయర్‌ఫోన్ తప్పు కానక్కర్లేదు. తక్కువ ఫ్రీక్వెన్సీలకు మన చెవి సహజంగానే మొద్దు, వాల్యూమ్ తగ్గించేకొద్దీ ఇంకా మొద్దు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి గీతలు గీశారు. తక్కువ వాల్యూమ్‌లో వినే అలవాటున్నవాళ్లకు కాస్త బేస్ ఎక్కువున్న గ్రాఫ్ ఎందుకు నచ్చుతుందో దీంతో తెలుస్తుంది. కాబట్టి ఈ పరీక్షలో 1,000తో 50ని పోల్చకండి. పక్కపక్క అంకెల మధ్య హఠాత్తుగా వచ్చే మార్పునే పట్టుకోండి.

కొత్తది కొనేముందు ఈక్వలైజర్‌తో ఆడండి

గ్రాఫ్ చదవడం వచ్చాక చాలాసార్లు కొనాల్సిన అవసరమే తప్పుతుంది. గ్రాఫ్‌లో కావాల్సిన చోట శబ్దాన్ని పెంచి తగ్గించేదే ఈక్వలైజర్. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్, విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉన్నాయి. ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్టు వేల మోడళ్లకు టార్గెట్‌కు దగ్గర చేసే విలువలు సిద్ధంగా ఇస్తుంది, వేవ్‌లెట్‌లో మోడల్ పేరు ఎంచుకుంటే చాలు. కానీ ముందు చేత్తో చేయండి, నేర్చుకునేది అక్కడే. గ్రాఫ్‌లో మీదాని 200 దగ్గర టార్గెట్‌కన్నా నాలుగు డెసిబెళ్లు పైన ఉందనుకోండి, అక్కడ వెడల్పుగా నాలుగు తగ్గించి, పెట్టి, తీసి, మళ్లీ పెట్టి ఒకే పాట వినండి. 8,000 పైన మాత్రం గ్రాఫ్ చూసి సరిచేయొద్దు, కారణం పైన చెప్పిందే.

ఏదైనా చోట పెంచాల్సి వస్తే, ఎక్కువలో ఎక్కువ ఎంత పెంచారో అంత మేర ప్రీయాంప్‌ను (ఈక్వలైజర్‌లో మొత్తం శబ్దాన్ని ఒకేసారి పెంచి తగ్గించేదాన్ని) తగ్గించండి. బేస్ 5 పెంచితే ప్రీయాంప్ మైనస్ 5. లేకపోతే గట్టి దరువు పడ్డ చోటల్లా శబ్దం చిట్లుతుంది. ప్రీయాంప్ తగ్గించగానే మొత్తం మెల్లగా వినిపించి "ముందే బాగుండె" అనిపిస్తుంది. ఆ తగ్గినంత ఫోన్ వాల్యూమ్ పెంచి, రెండూ సమానమయ్యాకే పోల్చండి.